మూడు నిమిషాల పాట

చెప్పిన మాటనే పదే పదే చెప్పేవాడిని చూసి పెద్దవాళ్ళు, "వీడొక అరిగిపోయిన గ్రామఫోను రికార్డు!" అని విసుక్కోవడం మీరు వినే వుంటారు. ఆ మాట ఇంకా మన నోళ్ళలో బతికే వుంది. కాని ఆ రికార్డును కళ్ళారా చూసినవాళ్ళు ఇప్పుడు మీ తరగతిలో ఎంతమంది వుంటారు? దాని మీద ముల్లు ఆనించి పాట విన్నవాళ్ళు ఎందరు?

ఒకప్పుడు ఊరికి ఒక్క గ్రామఫోను వుంటే అది గొప్ప. ఎవరి ఇంట్లో అది వుంటే సాయంకాలం ఆ ఇంటి అరుగు నిండిపోయేది. చెక్కపెట్టె, దాని పైన గుండ్రంగా తిరిగే పళ్ళెం, పక్కన తిప్పే కీ, వెనక ఉమ్మెత్త పువ్వులాగా విచ్చుకున్న పెద్ద గొట్టం. పెట్టె యజమాని కీ తిప్పి, నల్లని రికార్డును పళ్ళెం మీద పెట్టి, కొత్త ముల్లు బిగించి, మెల్లిగా అంచున ఆనించేవాడు. మొదట బరబరమని చప్పుడు. తరవాత పాట! మూడు నిమిషాలలో పాట అయిపోయేది. రికార్డు తిరగవేసి, మళ్ళీ కీ తిప్పి, మళ్ళీ ముల్లు మార్చాలి. ఇంత శ్రమ పడి విన్న పాట కనుకనే, ఆ రోజులు తెలిసిన తాతయ్యలూ అమ్మమ్మలూ దాన్ని ఇంకా మరిచిపోలేరు.

కరెంటు లేదు, బ్యాటరీ లేదు. మరి ఆ పెట్టె ఎలా పాడింది? ఆ సంగతి తెలుసుకుందాం.

గీతగా మారిన గొంతు

మీ గొంతు మీద వేలు పెట్టి "ఆ..." అనండి. లోపల ఏదో అదురుతున్నట్టు తెలుస్తుంది. ఆ అదురే శబ్దం. గొంతు అదిరితే దాని చుట్టూ వుండే గాలి అదురుతుంది. ఆ గాలి వచ్చి మన చెవిలోని పల్చని పొరను అదిరిస్తుంది. అప్పుడు మనకు వినిపిస్తుంది.

పారిస్ నగరంలో ఎదువార్ లియోన్ స్కాట్ అనే ఆయన వుండేవాడు. ఆయన అచ్చు పని తెలిసినవాడు. చెవిని చూసి ఆయనకు ఒక ఆలోచన వచ్చింది. ఒక గొట్టం చివర పల్చని పొరను బిగించాడు. ఆ పొరకు ఒక సన్నని వెంట్రుకను అతికించాడు. ఆ వెంట్రుక కొనకు తగిలేటట్టు, దీపపు మసి పట్టించిన కాగితాన్ని తిప్పాడు. గొట్టంలోకి మాట్లాడితే పొర అదిరింది, వెంట్రుక కదిలింది, మసి మీద వంకర వంకర గీత పడింది. 1857లో ఆయన ఈ యంత్రానికి పేటెంటు తీసుకున్నాడు. అంతవరకూ గాలిలో కలిసిపోతూ వచ్చిన మనిషి గొంతు మొదటిసారిగా కాగితం మీద నిలిచింది. అయితే ఆ గీతను మళ్ళీ శబ్దంగా మార్చే ఉపాయం ఆయన ఆలోచించలేదు. ఆ గీతను కళ్ళతో చూసి చదవవచ్చునని మాత్రమే ఆయన ఆశ. ఆ మసికాగితాలు ఏమయినాయో తరవాత చెప్పుకుందాం.

20 సంవత్సరాల తరవాత, 1877లో, అమెరికాలో థామస్ ఎడిసన్ ఇంకొక అడుగు ముందుకు వేశాడు. మసికి బదులు ఒక స్తంభంలాంటి కడ్డీకి తగరపు రేకు చుట్టాడు. పొరకు గట్టి సూది తగిలించాడు. మాట్లాడితే సూది ఎగిరెగిరి పడుతూ రేకు మీద ఎత్తుపల్లాలు చేసింది. అదే సూదిని మళ్ళీ మొదటి నుంచి ఆ పల్లాల మీద నడిపితే, ఈసారి పల్లాలు సూదిని అదిరించాయి, సూది పొరను అదిరించింది. ఎడిసన్ తాను చెప్పిన పిల్లల పాటనే తిరిగి విన్నాడు! ఆయన పనివాళ్ళు ఆశ్చర్యంతో నిలబడిపోయారు. ఇంతకూ ఎడిసన్‌కు చెవులు సరిగా వినిపించేవి కావు. చెక్కను పళ్ళతో కరిచి పట్టుకుని, ఎముకల ద్వారా అదురును తెలుసుకుని ఆయన తన యంత్రాలను పరీక్షించేవాడు.

ఎడిసన్ యంత్రంలో ఒక చిక్కు వుంది. మొదట్లో ఆ స్తంభాలకు నకళ్ళు తీయడం చాలా కష్టం. వంద స్తంభాలు కావాలంటే పాటగాడు అదే పాటను ఎన్నోసార్లు పాడవలసి వచ్చేది. ఈ చిక్కును విడదీసినవాడు ఎమిల్ బెర్లినర్. ఈయన జర్మనీలో పుట్టి, 1870లో అమెరికా వెళ్ళాడు. 1887లో ఈయన స్తంభాన్ని వదిలి చదునైన పళ్ళేన్ని తీసుకున్నాడు. పళ్ళెం మీద చుట్టలు చుట్టలుగా ఒకే గాడి. ఆ గాడిలో సూది పైకీ కిందికీ కాక, కుడికీ ఎడమకూ కదులుతుంది. అలాంటి పళ్ళెం ఒకటి తయారైతే, దాని నుంచి లోహపు అచ్చు తీయవచ్చు. ఆ అచ్చుతో వేలకొద్దీ రికార్డులు ముద్ర వేయవచ్చు. బెర్లినర్ తన యంత్రానికి పెట్టిన పేరే గ్రామఫోను.

పెట్టె లోపల

గ్రామఫోను పెట్టె లోపల వుండేది గడియారంలో వున్నటువంటి ఉక్కు స్ప్రింగు. కీ తిప్పితే అది బిగుసుకుంటుంది. వదిలితే విప్పుకుంటూ పళ్ళేన్ని తిప్పుతుంది. అయితే బిగువుగా వున్నప్పుడు స్ప్రింగు జోరుగా తిప్పుతుంది, విప్పుకున్న కొద్దీ నెమ్మదిస్తుంది. పాట అలా వుంటే ఎవరు వింటారు? అందుకని లోపల చిన్న చిన్న గుండ్లు వున్న ఇరుసు ఒకటి అమర్చారు. వేగం ఎక్కువైతే ఆ గుండ్లు బయటికి విచ్చుకుంటాయి. అప్పుడు ఒక చక్రం తోలుముక్కకు ఒరుసుకుని వేగం తగ్గుతుంది. ఈ విధంగా పళ్ళెం నిమిషానికి 78 చుట్లు సమంగా తిరుగుతుంది.

వేగం ఎందుకంత ముఖ్యమో మీరే పరీక్షించి చూడవచ్చు. ఒక దువ్వెన తీసుకుని, దాని పళ్ళ మీద ఒక అట్టముక్క అంచును మెల్లిగా లాగండి. బొంగురు చప్పుడు వస్తుంది. అదే అట్టను వేగంగా లాగండి. చప్పుడు కీచుగా మారుతుంది. పళ్ళు అవే, అట్ట అదే. అదురు త్వరత్వరగా వచ్చినందువల్ల శృతి పెరిగింది. రికార్డు కూడా అంతే. వేగంగా తిప్పితే భీముడి గొంతు కూడా చిన్నపిల్ల గొంతులా వినిపిస్తుంది!

ఇక ఒక చిన్న లెక్క. నిమిషానికి 78 చుట్ల చొప్పున మూడు నిమిషాలకు 234 చుట్లు. పది అంగుళాల రికార్డు మీద ఒక చుట్టు సగటున 53 సెంటీమీటర్లు వుంటుంది. గుణించి చూడండి. సుమారు 125 మీటర్లు వస్తుంది. అంటే ఒక పాట పూర్తయ్యేసరికి ముల్లు సన్నని గాడిలో 125 మీటర్లు ప్రయాణం చేసిందన్నమాట. ఒక చుట్టుకూ పక్క చుట్టుకూ మధ్య దూరం మిల్లీమీటరులో మూడోవంతు కూడా వుండదు. రెండు గాళ్ళ మధ్య వున్న సన్నని గోడ ఎక్కడైనా విరిగిందా, ముల్లు పక్క గాడిలోకి దొర్లి, వెనకటి చుట్టుకే వచ్చి, పాడినదే మళ్ళీ పాడుతుంది. "అరిగిపోయిన రికార్డు" అనే మాట పుట్టింది ఇందువల్లనే.

గాడిలో కుడి ఎడమలకు వూగే ముల్లు తన వూపును ఒక గుండ్రని డబ్బీలో బిగించిన అభ్రకపు రేకుకు అందిస్తుంది. రేకు అదిరి శబ్దం పుడుతుంది. రేకు చిన్నది, దాని చప్పుడూ చిన్నదే. క్రమంగా వెడల్పయ్యే పూలగొట్టం ఆ చప్పుడును గదిలోని గాలికంతకూ అందిస్తుంది. గట్టిగా వినాలంటే లావు ముల్లు, మెల్లిగా వినాలంటే సన్న ముల్లు బిగించేవారు. ఉక్కు ముల్లు ఒక వైపు పాడేసరికే అరిగిపోయేది. దాన్ని పారవేసి కొత్తది పెట్టకపోతే రికార్డు పాడవుతుంది.

లక్క చేసిన మేలు

ఆ నల్లని రికార్డు దేనితో చేశారనుకుంటున్నారు? ఇప్పటి ప్లాస్టిక్కు కాదు. అది లక్క!

భారతంలో దుర్యోధనుడు పాండవులకు కట్టించిన లక్క ఇల్లు మీకు తెలుసు. ఏటికొప్పాక బొమ్మల నునుపూ రంగూ లక్కవే. పార్సెళ్ళ మీద వేసే సీలు కూడా లక్కతోనే వేసేవారు. మోదుగ, రేగు మొదలైన చెట్ల కొమ్మల మీద లక్కపురుగులు గుంపులు గుంపులుగా చేరి, చెట్టు రసం పీల్చి, తమ చుట్టూ ఒక జిగురు గూడు కట్టుకుంటాయి. ఆ గూడును గీకి, కడిగి, కరిగిస్తే మనకు పనికి వచ్చే లక్క తయారవుతుంది. ఛోటా నాగపూరు అడవులలోని పేదవాళ్ళకు అది జీవనాధారం. ప్రపంచంలో వాడే లక్కలో ఎక్కువ భాగం మన దేశం నుంచే ఓడలమీద వెళ్ళేది.

లక్క వేడికి మెత్తబడుతుంది, చల్లారితే గట్టిపడి, పడిన ముద్రను అలాగే నిలుపుకుంటుంది. సీలు వేసేవాళ్ళకు తెలిసిన ఈ గుణమే రికార్డు చేసేవాళ్ళకూ పనికి వచ్చింది. లక్కలో రాతిపొడి, దూది పీచు, నల్లరంగు కలిపి, వేడిగా వుండగా లోహపు అచ్చుల మధ్య నొక్కేవారు. న్యూయార్కులోనూ, లండనులోనూ పాడిన పాటలెన్నో మన అడవి పురుగులు చేసిన జిగురు మీదనే ముద్ర పడ్డాయన్నమాట!

రెండవ ప్రపంచ యుద్ధంలో లక్క రావడం కష్టమైంది. 1942లో అమెరికా ప్రభుత్వం రికార్డులకు వాడే లక్కను బాగా తగ్గించివేసింది. అప్పుడు పాత రికార్డులను పోగుచేసి, పొడిచేసి, వాటితోనే కొత్త రికార్డులు చేశారు. అలా ఎన్ని పాత గొంతులు పొడి అయిపోయాయో ఎవరు లెక్క చెప్పగలరు?

"నా పేరు గౌహర్ జాన్"

1902లో ఫ్రెడ్ గైస్‌బర్గ్ అనే అమెరికా యువకుడు రికార్డు చేసే సామానుతో కలకత్తాలో ఓడ దిగాడు. కొందరు పెద్ద విద్వాంసులు యంత్రం ముందు పాడడానికి ఒప్పుకోలేదు. గౌహర్ జాన్ అనే ప్రసిద్ధ గాయని ఒప్పుకున్నది. అప్పటికి మైకులు లేవు. గోడలోంచి వచ్చిన పెద్ద గొట్టంలోకి తల వంచి, గొంతెత్తి పాడాలి. ఆ గొంతు బలంతోనే అవతల వున్న సూది మైనపు పళ్ళెం మీద గాడి చెక్కాలి. ఆమె గంటలకొద్దీ పాడే రాగాన్ని మూడు నిమిషాలకు కుదించి పాడి, చివర ఇంగ్లీషులో, "నా పేరు గౌహర్ జాన్" అని చెప్పింది. ఎందుకో తెలుసా? ఆ పళ్ళేలను అచ్చు వేయడానికి జర్మనీ పంపేవారు. అక్కడి పనివాళ్ళకు మన భాష రాదు. ఏ పాట ఎవరిదో వాళ్ళకు తెలియాలంటే పాట చివర పేరు వినిపించాలి.

ఆమె 1930లో మైసూరులో చనిపోయింది. కాని ఆ పేరు ఈనాటికీ ఆమె గొంతులోనే వినవచ్చు.

1925 నుంచి మైకులు వచ్చాయి. మెత్తగా పాడే గొంతులకు కూడా అవకాశం దొరికింది. మన తెలుగు నాటక పద్యాలు రికార్డులకు ఎక్కి ఊరూరా తిరిగాయి. నాటకాన్ని రికార్డు చేస్తే ఒక్కటి చాలదు. కొన్ని రికార్డులు కలిపి ఒక సెట్టుగా అమ్మేవారు. ద్వారం వెంకటస్వామి నాయుడుగారి వయొలిన్, ఘంటసాలగారు పాడిన కరుణశ్రీగారి "పుష్పవిలాపం" పద్యాలు ఇళ్ళలో మోగాయి. నాటకశాల గడప తొక్కని ఆడవాళ్ళూ, పట్నం చూడని రైతులూ గొప్ప కళాకారుల గొంతులు విన్నారు.

పోయేవీ, మిగిలేవీ

1948లో ప్లాస్టిక్కుతో చేసిన ఎల్.పి. రికార్డు వచ్చింది. అది నిమిషానికి 33 చుట్ల చిల్లర తిరుగుతూ, ఒక్కొక్క వైపు ఇరవై నిమిషాలకు పైగా పాడేది. 1963లో క్యాసెట్టు, 1982లో సీడీ వచ్చాయి. ఇప్పుడు పాటలు టెలిఫోనులో వున్నాయి. విచిత్రమేమంటే, ఎల్.పి.లు మళ్ళీ తయారవుతున్నాయి. 2022లో అమెరికాలో సీడీల కంటె అవే ఎక్కువ అమ్ముడుపోయాయి.

అయితే పాత లక్క రికార్డుల సంగతి వేరు. చేయి జారితే గాజుపలకలా పగులుతాయి. తేమకు బూజు పడతాయి. ఒక్కొక్కసారి ముల్లు పెట్టినకొద్దీ కొంచెం కొంచెంగా అరుగుతాయి. ఒక పాటకు ఒక్క రికార్డే మిగిలి, అది కాస్తా పగిలితే, ఆ గొంతును ఏ ధనవంతుడూ తిరిగి కొనలేడు.

మరి ముల్లు తాకించకుండా రికార్డును వినగలమా? వినగలమన్నారు అమెరికాలోని బర్క్‌లీ ప్రయోగశాల శాస్త్రజ్ఞులు. రికార్డులోని గాడిని వెలుగు సహాయంతో అతి సూక్ష్మంగా ఫోటో తీసి, ఆ వంపులను కంప్యూటరు చేత కొలిపించి, శబ్దంగా మార్చే పద్ధతిని వాళ్ళు కనిపెట్టారు. పగిలిన రికార్డు ముక్కల నుంచి కూడా ఈ విధంగా పాట రాబట్టవచ్చు. టెలిఫోను కనిపెట్టిన గ్రాహం బెల్ 1885లో ఒక మైనపు పళ్ళెం మీద నింపిన సొంత గొంతును 2013లో ఈ పద్ధతిలోనే లోకం విన్నది.

ఇప్పుడు స్కాట్ మసికాగితాల సంగతికి వద్దాం. అవి పారిస్‌లో భద్రంగా వున్నాయి. 2008లో కొందరు పరిశోధకులు వాటిని వెతికి పట్టుకుని, బర్క్‌లీ శాస్త్రజ్ఞుల సహాయంతో, 1860 ఏప్రిల్ 9న గీసిన ఒక గీతను శబ్దంగా మార్చారు. ఒక ఫ్రెంచి పాట ముక్క వినిపించింది. ఎవరో చిన్నపిల్ల పాడినట్టు వున్నది. కాని మరుసటి సంవత్సరం, దాన్ని రెండు రెట్ల వేగంతో తిప్పుతున్నట్టు వాళ్ళు గ్రహించారు. సరి అయిన వేగంతో తిప్పితే అది మగగొంతు, బహుశా స్కాట్ గొంతే! మీ దువ్వెన పరీక్ష గుర్తున్నదా? పాడినవాడే ఎన్నడూ వినని పాటను, 148 ఏళ్ళ తరవాత మనం విన్నాం. ఆ కాగితాలను ఎవరో పనికిరానివని పారవేసి వుంటే?

అందరికంటె దూరం వెళ్ళిన రికార్డు సంగతి కూడా వినండి. 1977లో వాయేజరు అనే రెండు వ్యోమనౌకలను అమెరికా ఆకాశంలోకి పంపింది. వాటిలో ఒక్కొక్కదానికి బంగారు పూత పూసిన రాగి గ్రామఫోను రికార్డు బిగించి వుంది, పక్కనే ముల్లూ వుంది. అందులో కేసర్‌బాయి కేర్కర్ పాడిన భైరవి రాగం వుంది. 55 భాషలలో పలకరింపులు వున్నాయి. వాటిలో మన తెలుగు కూడా ఒకటి! మొదటి వాయేజరు ఇప్పుడు మనకు 2,400 కోట్ల కిలోమీటర్లకు పైగా దూరంలో వుంది. లోకం మరిచిపోయిందనుకున్న ముల్లూ గాడీనే శాస్త్రజ్ఞులు నక్షత్రాల దాకా పంపించారు. ఎందుకంటే లోహం మీద చెక్కిన గాడి ఎంతో కాలం నిలుస్తుంది.

మీరు చేయగల పని

మీ ఇంట్లోనో, తాతగారి ఊళ్ళోనో అటక మీద పాత రికార్డులు వుంటే పారవేయనివ్వకండి. పెద్దవాళ్ళను అడిగి కిందికి దింపించండి. గాడి మీద వేళ్ళు పెట్టక, అంచులు పట్టుకుని ఎత్తండి. మెత్తని పొడిబట్టతో గుండ్రంగా తుడవండి. స్పిరిటుతో మాత్రం తుడవకండి. లక్క స్పిరిటులో కరిగిపోతుంది. ఒకదాని మీద ఒకటి దొంతర పెట్టక, పుస్తకాలలాగా నిలబెట్టండి. ఎల్.పి. రికార్డులకు వాడే సన్నని ముల్లు 78 రికార్డులకు పనికిరాదు. వాటి గాళ్ళు వెడల్పు. రికార్డు మీద అంటించిన కాగితం చూసి పాడినవారి పేరూ, నంబరూ ఒక పుస్తకంలో రాసిపెట్టండి.

రికార్డులు లేని ఇల్లయినా ఫరవాలేదు. ఏ కంపెనీ రికార్డు చేయని పాటలు మీ ఇంట్లోనే వున్నాయి. నాయనమ్మ పాడే జోలపాట, నాట్లప్పుడు మీ ఊరి ఆడవాళ్ళు పాడే పాట, తాతయ్య చదివే పద్యం. గౌహర్ జాన్‌కు గొట్టమూ, మైనపు పళ్ళెమూ, సముద్రాలు దాటే ఓడా కావలసి వచ్చాయి. మీకు నాన్నగారి టెలిఫోను చాలు. ఈ ఆదివారమే నాయనమ్మను కూర్చోబెట్టి పాడించండి. పాట అయిపోగానే, గౌహర్ జాన్ చెప్పినట్టే, ఆమె చేత పేరూ, ఊరూ, తేదీ చెప్పించడం మాత్రం మరిచిపోకండి. ఎన్నో ఏళ్ళ తరవాత ఆ పాట వినేవాళ్ళకు, పాడింది ఎవరో తెలియాలి గదా!